చెవుల్లో దూది

మా అన్న పాల్వంచ కరెంటు ప్లాంట్‌లో టర్బైన్ల దగ్గర షిఫ్టు డ్యూటీ చేస్తాడు. అక్కడ చెవులకు మఫ్స్ లేకుండా లోపల అడుగు పెట్టనివ్వరు. ఆయన బుద్ధిగా పెట్టుకుంటాడు. అలాంటి మనిషి కొడుకు పెళ్లికి డీసీఎం వ్యాను నిండా డీజే బాక్సులు ఎక్కించుకొచ్చాడు. ప్రమాదం అనేది ప్లాంటు గేటు లోపలే ఉంటుందని ఆయన నమ్మకం కాబోలు.

చర్చిలో పెళ్లి పద్ధతిగా జరిగింది. సాయంత్రం బరాత్ ఊరేగింపు మొదలైంది. మేనత్తను కాబట్టి నేను పెళ్లికొడుకు కారు పక్కనే నడవాలి, మా ఇళ్లల్లో అది ఆనవాయితీ. కారుకు ముందే డీసీఎం. మొదటి పాటకే నా పక్కటెముకలు అదిరాయి.

"అన్నా, జర తగ్గించమను. నా బతుకు చెవుల మీద ఉంది," అని అరిచాను.

"ఏంది?" అన్నాడు.

మళ్లీ అరిచాను. "పెళ్లంటే గిట్లనే ఉంటది చెల్లె. ఒక్క పూటకు ఏం గాదు," అని నవ్వి, డీజే పిల్లల వైపు చెయ్యి పైకెత్తాడు. తగ్గించమని కాదు, పెంచమని. నాకు ఒళ్లు మండింది. కానీ పెళ్లిలో ఆడబిడ్డ అలిగిందంటే ఏడాది పొడుగునా చెప్పుకుంటారు.

నేను ఏఎన్‌ఎంను. భద్రాచలం రోడ్డు వదిలి అడవిలోకి పోయే దారిలో ఉన్న సబ్‌సెంటర్‌లో పిల్లలకు సూదులు వేస్తాను, గర్భిణులను చూస్తాను. కడుపు మీద చెవి పెట్టి లోపలి బిడ్డ గుండె వినడం నా రోజువారీ పని. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ దూది ఉంటుంది. రెండు ఉండలు చేసి చెవుల్లో కుక్కుకున్నాను. ఇంక భయం లేదనుకుని అన్న వాళ్ల కాలనీ చివరిదాకా బాక్సులను దాదాపు ఆనుకునే నడిచాను. పైగా నాలుగు స్టెప్పులు కూడా వేశాను. దూది లేకపోతే భయపడి దూరం జరిగేదాన్నేమో. దాన్ని నమ్ముకునే అంత దగ్గర నిలబడ్డాను. నర్సమ్మ తెలివి అట్లా ఏడ్చింది.

ఇంటికొచ్చి దూది తీస్తే చెవుల్లో కీచురాళ్లు కూస్తున్నాయి. పడుకుంటే తగ్గుతుందిలే అనుకున్నాను. తెల్లారినా తగ్గలేదు. ఎడమ చెవి నీళ్లలో మునిగినట్టుంది.

అట్లాగే డ్యూటీకి పోయాను. సబ్‌సెంటర్ మెట్ల మీద లోపలి గూడెం అత్తాకోడళ్లు కూర్చుని ఉన్నారు. కోడలికి నెలలు నిండాయి, తొలి కాన్పు. నన్ను చూడగానే అత్త లేచి ఏదో చెప్పింది. పెదవులు కదిలాయి గానీ మాట నాకు అందలేదు.

"గట్టిగ చెప్పమ్మా."

"నిన్న పొద్దుమీకినప్పటి నుంచి బిడ్డ కదుల్తలేదంట నర్సమ్మా."

కోడలిని మంచం మీద పడుకోబెట్టాను. గుండె చప్పుడు వినిపించే మిషను ఒకటి మాకు ఉంది, అది రిపేరుకు పోయి ఇంకా రాలేదు. మిగిలింది గరాటులాంటి ఫీటోస్కోపు. చేతులతో తడిమి బిడ్డ వీపు ఎటుందో చూసుకుని, అక్కడ దాన్ని ఆనించి కుడి చెవి పెట్టాను. కీచురాళ్లు. ఎడమ చెవి పెట్టాను. ఏమీ లేదు. ఫ్యాను కట్టేశాను, కిటికీ మూశాను, మళ్లీ పెట్టాను. అవే కీచురాళ్లు.

బిడ్డ గుండె ఆగిందా, నాకే వినబడట్లేదా? ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ అనుమానం నాకు ఎన్నడూ రాలేదు. ఆ పిల్ల నా మొహం మీంచి చూపు తిప్పట్లేదు. నేను నవ్వబోయాను. నవ్వు రాలేదు.

అంబులెన్సుకు ఫోన్ చేశాను. అవతలి గొంతు గొణుగుడులా ఉంది తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. ఫోను అత్త చేతిలో పెట్టి, "నువ్వు మాట్లాడు. భద్రాచలం దవాఖానకు పోవాలె, జల్దీ రమ్మను," అన్నాను. ఆమె మాట్లాడింది. "బయలెల్లిండంట," అని గట్టిగా చెప్పింది. ఆ అడవి దారిలో బండి వచ్చేదాకా ఊరికే ఎట్లా కూర్చోవడం?

అత్తను మంచం దగ్గరికి లాగాను. "వంగి ఈ గొట్టానికి చెవి పెట్టు. లోపల చప్పుడు వినబడితే, అది ఎట్ల కొట్టుకుంటే అట్లనే నా చేతి మీద వేలితో కొట్టు."

"నాకేం తెలుస్తది నర్సమ్మా?"

"నీకు వినబడ్తది. నాకు వినబడ్తలేదు."

ఆమె నన్ను ఒకసారి ఎగాదిగా చూసి వంగింది. ఆమె వేలు నా మణికట్టు మీద ఉంది, కదల్లేదు. గొట్టాన్ని కొంచెం కిందికి జరిపాను. వేలు కదల్లేదు. ప్రభువా, ప్రభువా అని తప్ప నాకు ప్రార్థన కూడా రావట్లేదు. ఇంకొంచెం పక్కకు జరిపాను.

వేలు లేచింది. ఒకటి కొట్టి ఆగింది. తర్వాత వరసగా, జోరుగా కొట్టసాగింది. వాచీలో సెకన్ల ముల్లు చూస్తూ లెక్కపెట్టాను. పొట్టలో బిడ్డకు ఎంత వేగం ఉండాలో అంతే ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. ఎందుకో తెలియని ఆ పిల్ల భయపడి తనూ ఏడ్చింది. అత్త వాళ్ల భాషలో ఏదో చెప్పి ఊరుకోబెట్టింది. కదలిక తగ్గింది కాబట్టి బండి రాగానే భద్రాచలం పంపించాను. మర్నాడు అక్కడే మగపిల్లవాడు పుట్టాడు.

ఖమ్మంలో చెవి డాక్టరుకు చూపించుకున్నాను. అంత మోతను దూది ఆపదన్నాడు. చెవిలో సరిగ్గా బిగిసే ఫోమ్ ప్లగ్గులు పెట్టుకోవాలట, అవి పెట్టుకున్నా బాక్సులకు దూరంగా ఉండాలట, మధ్యమధ్య అవతలికి పోయి చెవులకు విశ్రాంతి ఇవ్వాలట. చెవిలో ఈల మొదలైందంటే అప్పటికే దెబ్బ తగిలినట్టేనట. నా కుడి చెవి మెల్లగా తేరుకుంది. ఎడమ చెవిలో ఈల మాత్రం పోలేదు.

సంగతి తెలిసి అన్న వచ్చాడు. జేబులోంచి ఫోమ్ ప్లగ్గుల పొట్లం తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ఇవి నేను పెట్టుకుంట. నువ్వు మాత్రం ఇంకోసారి ఆ చెయ్యి పైకెత్తకు," అన్నాను.

"అవ్," అన్నాడు తల వంచుకుని.

నెలన్నరకు అత్తాకోడళ్లు పిల్లవాణ్ణి సూదికి తీసుకొచ్చారు. సూది పడగానే వాడు గుక్కపట్టి ఏడ్చాడు. అత్త వాణ్ణి భుజాన వేసుకుని ఊరుకోబెట్టబోయింది.

"ఆగమ్మా," అన్నాను, కుర్చీ దగ్గరికి జరుపుకుని కుడి చెవి వాడి వైపు తిప్పుతూ. "జరసేపు ఏడ్వనియ్యి."