బావురుపిల్లి గోళ్ళు

బావురుపిల్లి గురించి పాతికేళ్ళు పాఠం చెప్పాను. నీళ్ళలో దిగి చేపలు పట్టే పిల్లి, మన కోరంగి మడ అడవుల్లోనే ఉంటుంది, అంటూ బోర్డు మీద బొమ్మ కూడా గీసేదాన్ని. కళ్ళతో మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఏటా పిల్లల్ని తీసుకెళ్ళడం, మడచెట్ల మధ్య చెక్కవంతెన మీద నడవడం, కొంగల్నీ లకుముకి పిట్టల్నీ చూసి తిరిగి రావడం, అంతే. "మేడమ్, అసలది ఉందంటారా?" అని ఎవరో ఒకరు అడిగేవారు. నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే నాకూ అదే అనుమానం.

ఈ ఏడాది నా రిటైర్మెంటు. పిల్లలతో కోరంగికి ఇదే ఆఖరి ప్రయాణం. పిల్లి కనబడకపోతే పోయింది, దాని అడుగులైనా వాళ్ళకు చూపించి తీరాలని పంతం పట్టాను.

మేం వెళ్ళేసరికి సముద్రపు ఆటుకి నీళ్ళు వెనక్కి తీశాయి. మడచెట్ల వేళ్ళు బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చాయి, వాటి మధ్య చిన్న చిన్న పీతలు పరుగులు పెడుతున్నాయి. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె వంతెన మీంచి వంగి, "మేడమ్, అడుగులు!" అని అరిచింది. పరుగున వెళ్ళి చూశాను. గుండ్రటి అడుగులే, కానీ ముందు సన్నగా గోళ్ళ గుర్తులు. ఉసూరుమనిపించింది.

"కుక్కవి. పిల్లిజాతి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. సెవెంత్‌లో చెప్పానా లేదా?" అని కసురుకున్నాను.

వంతెన కింద పీతలు పడుతున్న పెద్దావిడ తలెత్తింది. మోకాళ్ళ దాకా బురద.

"కుక్కేంటండి మేడం గారూ, బావురుపిల్లండి బాబూ! దీని గోళ్ళు పూర్తిగా లోపలికి పోవండి. పోతే ఈ బురదలో జారిపోదేంటండీ? కాలవలోంచి ఎక్కొచ్చిందండి. అదిగో, తిని వదిలేసిన చేప తల."

పిల్లలంతా నావైపు తిరిగారు. అడుగులు చూపించిన అమ్మాయి నవ్వు ఆపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకుంది. ఇలాంటి అడుగులు నేను ఏటా చూస్తూనే ఉన్నాను, ఏటా కుక్కవని చెప్పి పిల్లల్ని ముందుకు తోలుతూనే ఉన్నాను. వెన్న చేతిలో పెట్టుకుని నేతికి ఊరంతా తిరగడమంటే ఇదే. సిగ్గేసింది. దాన్ని మించి సంతోషమేసింది.

"నేను చెప్పింది తప్పు," అన్నాను పిల్లలతో. "ఈ పాఠం ఈవిడ చెప్తారు. కూర్చోండి."

"నాకేం వచ్చండి చెప్పడానికి," అంటూనే ఆవిడ పైకొచ్చి మెట్టు మీద కూర్చుంది. నేను పిల్లల మధ్య చోటు చేసుకుని నోట్‌బుక్ తెరిచాను. పెన్ను తెచ్చుకోలేదు. ఇందాక నవ్విన అమ్మాయే తనది ఇచ్చింది.