చిన్నాన్న ఊరి కొత్త అడ్రస్

మా క్రూ లీడ్ పోయాడని మంగళవారం పొద్దున ఆష్‌బర్న్‌లో మా డేటా సెంటర్ పార్కింగ్ లాట్‌లో తెలిసింది. ఇంట్లోనే గుండె ఆగిందట. ఆ మాట చెప్పిన సూపర్‌వైజర్ ఆ నోటితోనే, ఆయన వదిలిన పని ఎవరు చేస్తారని అడిగాడు. నేను చేస్తానన్నాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఆయనది వియత్నాం. వాళ్ళ భాషలో చిన్నాన్న అని అర్థమొచ్చే మాటతోనే అందరం పిలిచేవాళ్ళం. డేటా సెంటర్‌లో కేబుల్ లాగడం నాకు నేర్పింది ఏ కాలేజీ కాదు, ఆయనే. కేబుల్‌కి రెండు చివర్లా లేబుల్ వేస్తే తప్ప లంచ్‌కి వదిలేవాడు కాదు. ఒకసారి ఒక చివర మరిచిపోయాను. తిట్టలేదు. కేబుళ్ళ కట్ట మొత్తం చేతిలో పెట్టాడు. "వెతుక్కో బిడ్డా, నేను అన్నం తినొస్తా."

లంచ్‌లో అట్టపెట్టె చింపి మార్కర్‌తో తన ఊరు గీసేవాడు. క్వీ న్యోన్. కొడవలి లాంటి తీరం. ఒక పక్క ఉప్పునీటి సరస్సు, దాని మీద పొడుగాటి వంతెన. ఊళ్ళోకొచ్చే దారిలో జంటగా రెండు పాత ఇటుక గుళ్ళు. మీ దేవుళ్ళవే అనేవాడు. వాటిలో ఒకటి పొట్టిది. సమానంగా గీశాడంటే అట్ట పారేసి ఇంకోటి చింపేవాడు. దక్షిణాన కొండ కింద కోడిగుడ్లలా నున్నటి రాళ్ళ తీరం. వాళ్ళ అక్క ఇల్లు అక్కడికి దగ్గరే.

ఆయన ప్రావిన్స్ బిన్ దిన్. ఈమధ్యే దాన్ని కొండల్లోని జా లాయ్‌తో కలిపి, కొండల పేరే ఉంచారు. ఆఫీసులు మాత్రం క్వీ న్యోన్‌లోనే. ఆ నగరాన్ని కూడా కాగితాల మీద తీసేసి వార్డులు చేశారు. నాకు ఒళ్ళు మండింది. మాది వరంగల్ వైపు. మా జిల్లానీ ముక్కలు చేశారు, మమ్మల్ని అడిగిన నాథుడు లేడు. ఆయన నవ్వాడు. "ఇప్పుడు మా చేపలు కూడా కొండోళ్ళే."

పోయినవాళ్ళు నలభై తొమ్మిది రోజులు దారిలోనే ఉంటారని వాళ్ళ నమ్మకం. ఆలోపు అస్థికలు అత్తకి చేరాలని ఆయన కూతురి పట్టు. ఈ దేశంలోనే పుట్టిన పిల్ల, వాళ్ళ భాష మాట్లాడుతుంది గానీ రాయడం రాదు. హెర్న్‌డన్‌లో వాళ్ళింట్లో కూర్చుని అస్థికలు పంపడానికి ఎంబసీ అనుమతి ఫారమ్ ఇంగ్లీషులో నేనే నింపాను. అడ్రస్‌లో బిన్ దిన్ అని రాశాను.

"అత్త మెసేజ్‌లో వేరే పేరుంది కదా," అంది.

"మీ నాన్న ఊరి పేరు ఇదే," అన్నాను.

పాత పేరు చెల్లదని ఫారమ్ తిరిగొచ్చింది. పన్నెండు రోజులు పోయాయి.

రెండోది నింపేటప్పుడు ఆ అమ్మాయి డ్రాయర్‌లోంచి అడ్రస్ స్టిక్కర్లు తీసి ఇచ్చింది. అక్కకి మందులు, చాక్లెట్లు పంపడానికి ఆయన ముందే రాసి పెట్టుకున్నవి. అన్నిటి మీదా జా లాయ్, కొత్త వార్డు పేరుతో సహా. ఆ కోపం ఆయనది కాదు, నాది. ఆయన పేరు చెప్పి ఆయన్నే ఆపేశాను.

అస్థికల పెట్టె చేరింది, గడువు దాటిన నాలుగు రోజులకి.

నలభై తొమ్మిదో రోజుకి అది ఇంకా దారిలోనే ఉంది. ఇక్కడ సాయంత్రం, అక్కడ తెల్లవారింది. వీడియో కాల్‌లో వాళ్ళ అత్త అస్థికలు లేకుండానే ఆ రాళ్ళ తీరానికి వచ్చింది. అన్నం గిన్నె ఒక రాయి మీద పెట్టింది. నేనెవరో కూతురు చెప్పింది, లేటు ఎందుకైందో కూడా చెప్పింది. ఆవిడ నన్ను చూసి, ఫోన్ సముద్రం వైపు తిప్పింది. వెదురుతో అల్లిన ఒక బుట్ట పడవ తన చుట్టూ తాను గుండ్రంగా తిరుగుతూ, ఆలస్యంగానైనా ఒడ్డుకే వస్తోంది.