పాతరేవులో రెండో మనిషి

నా పేరు రామతులసి. విజయవాడలో అమ్మాయిల హాస్టల్ వార్డెన్‌ని. పొద్దస్తమానం అరుపులు వినీ, తిరిగి అరిచీ విసుగెత్తిపోయింది. మేడం అని పిలిచే ప్రాణి లేని చోటికి పోదామని ఓ ఆదివారం బందరు బస్సెక్కి, అక్కణ్నుంచి ఆటోలో పాతరేవు చేరాను. ఒకప్పుడు రంగూన్ నుంచి ఇక్కడికి బియ్యం ఓడలు వచ్చేవట. తీరా చూద్దును కదా, కూలిన గోదాం గోడ, కొన్ని ఇంజను పడవలు, ఎండుచేపల వాసన. ఇంతదూరం వచ్చింది దీనికోసమా అని నా మీద నాకే ఒళ్లు మండింది.

రేవు చివర ఒకే ఒక తెరచాప పడవ ఉంది. అందులో డెబ్బై దాటిన పెద్దాయన ఇసుక మూటను ఇటునుంచి అటు లాగుతూ ఆయాసపడుతున్నాడు.

"ఏంటండీ, ఆ మూటతో కుస్తీ?" అన్నాను.

"మా ఆవిడ కూర్చునే చోటండీ. బరువుండాలి గదా," అన్నాడు.

ఆయన పేరు సంజీవరావు. ఊరంతా ఇంజన్లు పెట్టుకున్నా మొగుడూ పెళ్లాం ఇద్దరూ తెరచాపతోనే వేటకెళ్లేవారు. చుక్కాని ఆయనది, తెరచాప తాడు భార్య బుల్లెమ్మది. ఎదురుగాలికి పడవ నేరుగా పోదట. అటోసారి ఇటోసారి ఏటవాలుగా తిప్పుకుంటూ పోవాలి. తిరిగినప్పుడల్లా రెండో మనిషి గబుక్కున అవతలి పక్కకి జరక్కపోతే బోల్తా. మూట తనంతట తాను జరగదు కదా!

బుల్లెమ్మ కిందటి వానాకాలంలో పోయింది. పాయ అవతలి లంకలో, వాళ్ల అమ్మానాన్నల పక్కనే సమాధి చేశారు.

"శవపెట్టెని ఇంజను పడవలో తీసుకెళ్లానండీ, తాడు పట్టే దిక్కు లేక. ఆ మోత ఆవిడకి గిట్టదు. బతికుండగా ఒక్కనాడూ ఎక్కలేదు. ఒక్కసారి తెరచాపతో వెళ్లి కనబడితే గానీ నాకు ముద్ద దిగదండీ."

"ఎవర్నైనా తోడు రమ్మనకపోయారా?"

"ఎవరి పనులు వాళ్లవండీ. ఇంజను పడవలో దింపుతాం రా తాతా అంటారు. ఈ పడవ అడుగు చూస్తే కుళ్లిపోయింది. ఈ ఏడు దాటితే చాపకి ఆగదు."

నాకు ఈత రాదు. నీళ్లంటే హడలు. అయినా నోరు ఊరుకుంటేగా! "బరువుకైతే నేను చాలనా?" అనేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "బ్రహ్మాండంగా సరిపోతారండీ," అన్నాడు. ఇంకో రోజైతే ఆ మాటకి దులిపేసేదాన్ని.

చుక్కానీ తాడూ రెండూ తనే పట్టుకుని ఆయన "జరగండీ!" అన్నప్పుడల్లా పడుతూ లేస్తూ జరిగాను. చెప్పు తెగింది. చీర తడిసి ముద్దయింది. బెజవాడ కనకదుర్గమ్మకి ఏమేం మొక్కుకున్నానో నాకే గుర్తులేదు.

సముద్రం పోటు మీద ఉండగానే చేరాల్సింది. ఎదురుగాలికి ఆలస్యమై, లంక దగ్గరికి వచ్చేసరికి నీళ్లు వెనక్కి తీస్తున్నాయి. లంగరు ఆ మెత్తటి బురదలో ఆగదు. ఒకరు గెడకర్ర నేలకి గుచ్చి పడవని లోతులో నిలబెట్టాలి, లేకపోతే పడవ అక్కడే కూరుకుపోతుంది. గెడ నా చేతికిచ్చి చూశాడు. పడవ గిర్రున తిరిగిపోయింది. గెడ వెనక్కి తీసుకున్నాడు. ఒడ్డు మీద సున్నం కొట్టిన శిలువ కనిపిస్తూనే ఉంది. అంతదూరం వచ్చి ఆయన దిగలేడు. నాకు ఏడుపొచ్చేసింది.

"మీరెళ్లి చెప్పండమ్మా," అన్నాడు. "చాపతోనే వచ్చానని చెప్పండి."

మోకాలి లోతు బురదలో దిగి వెళ్లాను. సమాధి ముందు నిలబడ్డాను. "బుల్లెమ్మ గారూ, మీ ఆయన తెరచాప వేసుకుని వచ్చారండీ. అదిగో, అక్కడే ఉన్నారు," అన్నాను. చుట్టూ ఎవరూ లేరు. మళ్లీ బురదలో దిగి వెనక్కి వచ్చాను.

ఆయన గెడ మీద ఒళ్లంతా వాల్చి, నేను ఎక్కేదాకా నా మొహంలోకే చూస్తున్నాడు.

"ఏమందండీ?"

అబద్ధమాడటానికి నోరు రాలేదు. "ఏం పలకలేదండీ," అన్నాను.

"కోపమొస్తే అంతేనండీ ఆవిడ," అన్నాడు తలూపుతూ. "నాలుగు రోజుల దాకా పలకదు."