పదకొండు గొడుగుల మతిమరుపు

గొడుగు మావయ్యకు లోకంలోని మంచి గుణాలన్నీ ఉన్నాయి గానీ, ఒక్క మతిమరుపు వాటన్నిటినీ మింగేసింది. అదీ మామూలు మతిమరుపు కాదు. ఇంటి తాళం మరవడు, కళ్ళజోడు మరవడు, ముప్పై ఏళ్ళ కిందట పెళ్ళిలో ఎవరు ఎవర్ని ఏమన్నారో మాట పొల్లుపోకుండా చెబుతాడు. గొడుగు మాత్రం మరుస్తాడు. గొడుగుతో గడప దాటాడంటే, ఉత్త చేతులతో తిరిగొస్తాడు.

చిత్రమేమిటంటే ఆయన వృత్తే గొడుగులు బాగుచేయడం. వంగిన ఊచలు సరిచేసి, చిరిగిన గుడ్డ కుట్టి సిద్ధం చేస్తే, బాగుచేయమని ఇచ్చినవాళ్ళే మళ్ళీ రారు. అలా దుకాణం నిండా దిక్కులేని గొడుగులు పేరుకుపోయాయి. "మర్చిపోవడం వీళ్ళ దగ్గరే నేర్చుకున్నాను" అని నవ్వేవాడు.

అలాంటి మనిషికి చెప్పుల కొట్టువాళ్ళు తీసిన లక్కీ డ్రాలో ఓడ ప్రయాణం తగిలింది. నాలుగు వారాలు, ఏడు రేవులు, రేవుకో పెద్ద తోట, ఇద్దరికి టిక్కెట్లు. "ఒంటరిగా పంపితే గొడుగుతో పాటు తననీ ఎక్కడో మర్చిపోయి వస్తాడు" అని భయపడి, ఆయన అక్కయ్య తన కూతుర్ని తోడుగా పంపింది. ఆ మేనకోడలు లైబ్రేరియన్. బయటికి వెళ్ళిన వస్తువు తిరిగి రావాల్సిందే అన్నది ఆమెకు ఉద్యోగమే కాదు, మతం కూడా.

సర్దుకునే రోజు మావయ్య పెట్టె తెరిచి చూస్తే ఆమెకు గుండె ఆగినంత పనైంది. రెండు జతల బట్టలు, ఒక తువ్వాలు, పదకొండు గొడుగులు.

"ఓడకి పైకప్పు ఉంటుంది మావయ్యా!"

"తోటలకి ఉండదుగా అమ్మడూ."

"అయితే ఒకటి చాలు."

"మర్చిపోతేనో?"

"పోనీ, రెండు."

"రెండోదీ మర్చిపోతేనో?"

వంటింట్లోంచి అక్కయ్య అందుకుంది. "అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట!"

"నేను పట్టమనడం లేదక్కయ్యా, పట్టుకెళ్తానంటున్నాను" అన్నాడు మావయ్య.

చేసేది లేక మేనకోడలు పుస్తకాలకు అంటించినట్టే ఒక్కో గొడుగు పిడికీ నంబరు చీటీ అంటించి, నోటుపుస్తకంలో రాసుకుంది.

పరువు రేవులోనే పోయింది. పెట్టె తనిఖీ చేసే అధికారి గొడుగులన్నీ బయటకు తీసి బల్ల మీద పేర్చాడు. "వ్యాపారమా?" అని అడిగాడు.

"కాదండీ, మతిమరుపు" అన్నాడు మావయ్య వినయంగా.

వెనక వరసంతా గొల్లుమంది. మేనకోడలికి తల కొట్టేసినట్టయింది.

మొదటి రేవులో గులాబీ తోట. అక్కడ బెంచీ మీద ఒకటో నంబరు మర్చిపోయాడు. ఆమె పరుగెత్తుకెళ్ళి తెచ్చింది. రెండో తోటలో టిక్కెట్లు చింపే ముసలాయన కుర్చీకి రెండో నంబరు వేలాడుతుంటే తెచ్చింది. మూడో తోటలో గొడుగు కోసం వెళ్ళి ఆలస్యమై, ఓడ కూత వేస్తుండగా చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తింది. పైనుంచి ప్రయాణికులు చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి భోజనాల దగ్గర ఎవరో ఒకరు "ఈవేళ ఎన్ని దొరికాయమ్మా?" అని పలకరించడం, ఆమె పళ్ళెంలో తల దూర్చేయడం మామూలైపోయింది.

మావయ్య మటుకు నిశ్చింతగా ఉన్నాడు. పూలు చూడమంటే పూలు చూసేవాడు కాదు, పాదులు చేసేవాళ్ళని చూసేవాడు. "మొక్కలకి గాజు ఇల్లు కట్టారు సరే, వాటికి నీళ్ళు పోసేవాళ్ళకి నీడేదే?" అని గొణిగేవాడు. ఆమె అదీ చాదస్తం ఖాతాలోనే వేసింది.

నాలుగోది తామర కొలనుల తోట. ఎండ నిప్పులు చెరుగుతోంది. తోటంతా చూసి బయటికొచ్చాక మావయ్య ఉత్త చేతులు చూసి, ఆమె పళ్ళు కొరుక్కుంటూ వెనక్కి నడిచింది. కొలను గట్టున ఒక నడివయసు ఆవిడ పీట మీద కూర్చుని గడ్డి కత్తిరిస్తోంది. పీటకు తాడుతో కట్టి ఉంది నాలుగో నంబరు.

ఓడ ప్రయాణికులు పది మంది అక్కడే ఫొటోలు తీసుకుంటున్నారు. మూడు తోటల అవమానం ఒక్కసారిగా ఆమె నోటికొచ్చింది. "అది మా గొడుగు! పరాయివాళ్ళ వస్తువు అడక్కుండా తీసుకోకూడదని తెలీదా?"

అందరూ ఇటు తిరిగారు. ఆవిడ తాడు విప్పి, పిడికి అంటిన మట్టి తుడిచి, గొడుగు రెండు చేతులతో అందించింది. "ఆ పెద్దాయన్ని పిలిచానండీ. వినిపించలేదు. వస్తారని చూస్తూ..." అంటూ ఎండలో తల దించుకుంది.

మేనకోడలు గెలిచినదానిలా వచ్చి గొడుగు చూపించింది. మావయ్య నవ్వలేదు.

"ఆమె దగ్గర్నుంచి లాక్కొచ్చావా?"

"లాక్కోవడమేంటి? నువ్వు మర్చిపోయావు కాబట్టి..."

"మర్చిపోవడానికి ఎంత కష్టపడ్డానో తెలుసా? అరగంట అక్కడే తచ్చాడాను. ఆమె అటు తిరిగేదాకా ఆగి మరీ మర్చిపోయాను. వెనక నుంచి పిలిస్తే చెవిటివాడిలా నడిచొచ్చాను."

"ఇవ్వాలనుకుంటే చేతికే ఇవ్వొచ్చుగా?" అంది ఆమె.

"చేతికిస్తే ఆమె నాకు దండం పెట్టాలి, మొహమాటపడాలి. మర్చిపోతే, మతిలేని ముసలాడని నవ్వుకుని వాడుకుంటుంది. ఆ పడే సిగ్గేదో మనమే పడితే పోలా, అమ్మడూ?"

మేనకోడలికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ ఈయన వల్ల సిగ్గుపడుతున్నాననుకుంది. అసలు సిగ్గంటే ఏమిటో ఇప్పుడే తెలిసింది. నోటుపుస్తకంలో "తిరిగి వచ్చినవి" అని తాను గీసిన గడి గుర్తొచ్చి ముఖం మండిపోయింది. గొడుగు తీసుకుని వెనుదిరిగింది.

"ఎక్కడికే?"

"మర్చిపోవడానికి."

"పరుగెత్తకు. మర్చిపోయేవాళ్ళు పరుగెత్తరు."

ఆమె గట్టు మీద కూర్చుంది, దగ్గింది, తామరల పేర్లు చదివింది, గొడుగు వదిలి లేచింది. నాలుగు అడుగులైనా వేయకముందే "అమ్మా, గొడుగు!" అని ఆవిడ తెచ్చిచ్చింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ తెచ్చిచ్చింది. ఓడ మొదటి కూత వేసింది.

ఇక నటన చేతకాక నిజమే చెప్పింది. "ఇందాక నేనన్నది తప్పు. నలుగురిలో అన్నాను, క్షమించండి." ఫొటోలు తీసుకునేవాళ్ళకు కూడా వినబడేలా గట్టిగానే చెప్పింది. "నేను లైబ్రేరియన్ని. వస్తువులు ఊరికే ఇవ్వడం నాకు రాదు. ఇది ఎరువిస్తున్నాను."

ఆవిడ గొడుగునూ, నంబరునూ మార్చి మార్చి చూసింది. "ఎప్పటికి తిరిగివ్వాలి?"

"మా మావయ్య మళ్ళీ వచ్చినప్పుడు."

"ఆయన మర్చిపోతారేమో!" అంది ఆవిడ, నవ్వు ఆపుకుంటూ.

"మర్చిపోతే మీ గడువూ పెరుగుతుంది" అంది మేనకోడలు.

మిగిలిన మూడు రేవుల్లో ఏం జరిగిందో నోటుపుస్తకంలో లేదు. నాలుగు వారాల తర్వాత ఇంటికొచ్చాక అక్కయ్య పెట్టె తెరిచింది. రెండు జతల బట్టలు, ఒక తువ్వాలు.

"గొడుగులేవే?"

"మర్చిపోయామమ్మా."

"వాడంటే సరే, చూసుకోమని పంపిన దానివి, నీకేమొచ్చింది?"

మేనకోడలు మావయ్య వంక చూసింది. ఆయన శ్రద్ధగా గోడ గడియారం చూస్తున్నాడు.

అక్కయ్య పెట్టె మూత దభాలున మూసింది. "నాకు తెలుసు! పుట్టినప్పుడే అనుకున్నాను, దీనికి అన్నీ మేనమామ పోలికలే!"