విరిగిన నిపుల్‌తో కుప్పం దాకా

తంబళ్లపల్లె దగ్గర మా ఊరి నుంచి మదనపల్లెకు పోయే మొదటి బస్సు ఆరింటికి. నేనూ మా అత్త గంగులమ్మా అందులో ఎక్కాం. నా ఒళ్లోని గుడ్డసంచిలో మా పాత జీపు కార్బొరేటర్ ఉంది.

మా ఆయనకు చూపు మందగించినప్పటి నుంచి ఆ జీపు నడిపేది నేనే. గొర్రెల్ని సంతకు, టమాటాల్ని మార్కెట్‌కు చేర్చేది అదే. ముందురోజు శుభ్రం చేయించడానికి కార్బొరేటర్ విప్పి మదనపల్లె తీసుకెళ్తే, అక్కడి మెకానిక్ పెట్రోలు గొట్టం తగిలించే ఇత్తడి నిపుల్‌ను బలంగా తిప్పాడు. అది విరిగి, మర ఉన్న సగం లోపలే ఇరుక్కుపోయింది. "ఇంక ఇది రాదమ్మా. ఇట్లాంటి కార్బొరేటర్ యాడా దొరకదు కూడా. బండిని తూకానికి ఏసేయండి" అన్నాడు.

ఆ మాట కోసమే మా మరిది రమణప్ప కాచుకుని ఉన్నాడు. వదిన జీపు నడపడం అతనికి మొదటి నుంచీ చిన్నతనం. పాత ఇనుము కొనే మనిషికి అప్పుడే ఫోన్ చేశాడు. బండి మా అత్త పేరు మీద ఉంది కాబట్టి చివరి మాట ఆమెది.

"ఎల్లుండి పొద్దునకి స్టార్టు కాకపోతే నీ ఇష్టం" అని కొడుక్కి చెప్పి, నా వైపు తిరిగింది. "రేపు పొద్దున్నే పోదాం పద పాపా. ఊర్లకేమి కరువా."

మదనపల్లెలో దిగి పుంగనూరు బస్సు పట్టుకున్నాం. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తున్నారు, కార్డు మరిచిపోకండి. కండక్టర్ టికెట్టు ఇచ్చి ముక్కు ఎగబీల్చాడు.

"ఏందమ్మా పెట్రోలు వాసన? దించేస్తా."

"ఒట్టి ఇనుమప్పా. సబ్బుతో కడిగినాం. కావాలంటే నువ్వే సూడు" అంటూ అత్త సంచి అతని చేతికే ఇవ్వబోయింది. అతను తీసుకోకుండా ముందుకు పోయాడు.

పుంగనూరులో ఇడ్లీ తిని లేత్ షాపు వెతుక్కున్నాం. షాపతను కార్బొరేటర్‌ను తిప్పి చూసి, మా వెనక్కి చూశాడు.

"మొగోళ్లు ఎవురూ రాలేదా?"

"మేం వచ్చినాం. చెప్పన్నా" అన్నాను.

"డ్రిల్లు ఏస్తే పోతాది" అని దాన్ని ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేత్తో డ్రిల్లు తీశాడు. బిగించకుండా చేతిలో పట్టుకుని తొలిస్తే లోపలి మర మొత్తం పోతుంది. ఇన్నేళ్లు ఆ బండి కింద దూరి పని చేసినదాన్ని, నాకు ఆ మాత్రం తెలుసు. "బిగించి చేయన్నా" అన్నాను. "పని నేర్పిస్తావా?" అన్నాడు. కార్బొరేటర్ అతని చేతిలోంచి తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. బయటికి వచ్చి పలమనేరు బస్సు కోసం స్టాండుకు నడిచాం.

పలమనేరు బస్సులో పక్క సీటు పెద్దాయనది చౌడేపల్లె. పాల వ్యాను నడుపుతాడట. సంచిలో ఏముందో అడిగి తెలుసుకున్నాడు.

"మా వ్యాన్‌కీ ఇట్లే ఇరిగితే కుప్పంలో తీసినారమ్మా. రైల్వే స్టేషన్ కాడ సెల్వం షాపు ఉండాది, పో."

పలమనేరులో సంగటి తిన్నాం. కుప్పం చేరేసరికి ఒంటిగంట దాటింది. సెల్వం నడివయసు మనిషి, తెలుగులో తమిళం కలుస్తుంది. చాలాసేపు చూశాడు.

"ట్రై పన్నలాం. అంటే, చూడొచ్చు. కానీ పాత బాడీ. పగిలితే నన్ను అనకూడదమ్మా."

"అనను" అన్నాను.

సలసల కాగే నీళ్లలో దాన్ని ముంచి తీశాడు. విరిగిన నిపుల్ బెజ్జంలోకి పాత ఆకురాయికి పిడి దూరే కోసు తోకను సుత్తితో మెల్లగా దిగగొట్టి, దానికి స్పానర్ తగిలించాడు. ఒకసారి తిప్పాడు. కదల్లేదు. మళ్లీ నీళ్లలో ముంచాడు, మళ్లీ తిప్పాడు. సన్నగా కిర్రుమంది. అతను చేయి తీసేశాడు.

"ఇంక బలం పెడితే పగులుతుందమ్మా. నా చేత్తో వద్దు."

"నాకు ఇయ్యన్నా. పగిలితే నా చేతిలో పగులుతాది."

అత్త కొంగు మడిచి వేడి కార్బొరేటర్‌ను రెండు చేతులా అదిమి పట్టుకుంది. నేను స్పానర్ పట్టుకున్నాను. లాగలేదు, కుదపలేదు. ఒంటి బరువు కొద్దికొద్దిగా ఆనించాను. నుదుటి చెమట కంట్లో పడుతోంది. "చేతులు కాల్తాండాయి, కానీయ్ పాపా" అంది అత్త. టిక్కుమంది. పగిలిందనుకున్నాను. స్పానర్ తిరిగింది.

ఆ ఇత్తడి ముక్క బయటికి వచ్చాక సెల్వం లోపల వేలు పెట్టి తడిమి చూశాడు. "మర బాగుండాది" అన్నాడు. కొత్త నిపుల్ తనే బిగించాడు. అత్త అరచేతులు ఎర్రగా కందిపోయాయి. చన్నీళ్లు పోస్తుంటే ఆమె నవ్వుతూనే ఉంది.

తిరుగు ప్రయాణం మళ్లీ పలమనేరు, పుంగనూరు, మదనపల్లె మీదుగానే. అత్త నా భుజం మీద నిద్రపోయింది. మదనపల్లెలో "రాదు" అన్నవాడూ, పుంగనూరులో చేత్తో పట్టి తొలవబోయినవాడూ చెడ్డవాళ్లేమీ కారు. వాళ్లకు అది అక్కర్లేదు, మాకు అక్కర. ఆ తేడాతోనే మూడు ఊళ్లు దాటి నాలుగో ఊరికి పోయాం.

మర్నాడు పొద్దున్నే కార్బొరేటర్‌ను నేనే బిగించాను. రెండోసారికి ఇంజను అందుకుంది. పాత ఇనుము మనిషి గేటు దగ్గర నిలబడి, కాసేపు చూసి వెళ్లిపోయాడు. రమణప్ప దొడ్డి వైపు నడుస్తూ అడిగాడు.

"సంతకి గొర్రెల్ని ఎక్కించేదా వదినా?"

"ఎక్కించు. నువ్వూ ఎనకాల ఎక్కు, దించేదానికి మనిషి కావాల."

ఎక్కాడు.