ఎండలో వాన కురిసిన ఇల్లు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదు. (పాతికేళ్ళు నిండకముందు అందరికీ అంతే కదా!) ముఖ్యంగా దెయ్యాల విషయంలో నేను పండితురాలిని. పుట్టి పెరిగింది కేజీఎఫ్‌లో, మూతపడిన బంగారు గనుల పక్కన. గనిలో పనిచేసిన మా తాత, "నీళ్ళు కనబడకుండా నీళ్ళ సద్దు ఇనబడితే ఆడ సచ్చినోళ్ళు ఉండారని అర్థం పాపా" అని నాకు అన్నంతోపాటు కలిపి తినిపించాడు. బడిలో చదివినవన్నీ మరిచిపోయానుగానీ ఇది మరవలేదు.

టేకల్ దగ్గర ఒక పల్లెలో టీచరుగా చేరిన మొదటి నెలలోనే ఇంటింటి సర్వే నా నెత్తిన పడింది. ఊరి చివర, గుండ్ల గుట్ట కింద ఒక ఒంటరి ఇల్లు మిగిలింది. ఆ గుట్ట మీద ఒక పెళ్ళికూతురు రాయైపోయిందని, మధ్యాహ్నం పూట ఏడుస్తుందని పిల్లలు ముందే చెప్పి ఉన్నారు. పాలు పోసే అక్కను అడిగితే, "ఆ యింట్లోకి పోవద్దు మేడమ్. ఇంగ నాలుగు దినాలు ఎవురూ పోరు" అంది. ఎందుకక్కా అంటే, "అయన్నీ నోటితో అనకూడదు" అని గబగబా వెళ్ళిపోయింది. నేను భయపడ్డానా? లేదు. (బ్యాగులో అమ్మ పెట్టిన కర్పూరం, అగ్గిపెట్టె ఉన్నాయో లేదో మాత్రం ఒకసారి తడిమి చూసుకున్నాను.)

మిట్టమధ్యాహ్నం, మాడిపోయే ఎండ. ఆ ఇంటి గుమ్మానికి వేపమండలు, గడప ముందంతా తెల్లటి సున్నప్పొడి. ఓరగా వేసిన తలుపు దగ్గర చెవి పెట్టాను. లోపల వాన! ఆకుల మీద ఆగకుండా కురుస్తున్న వాన. పైన చూస్తే మబ్బు తునక లేదు. తాత చెప్పిన సద్దు ఇదే! కర్పూరం బిళ్ళలన్నీ గడప మీద పోసి అంటించాను.

"అయ్యో, సంపేస్తివి కదే తల్లీ!"

ఇంటి వెనక నుంచి ఒక ముసలమ్మ నెత్తిమీది ఆకుమోపు పారేసి పరుగెత్తుకొచ్చి, ఆ మంటను ఉత్త కాళ్ళతో తొక్కి ఆర్పింది. నా వైపు చూడకుండా లోపలికి దూరి కిటికీలన్నీ తెరిచింది. అప్పుడు కనబడ్డాయి, అరల నిండా తట్టలు, తట్టల నిండా వేల పట్టుపురుగులు. మల్బరీ ఆకు తింటున్నాయి. నేను విన్న వాన అదే. వేపాకూ సున్నమూ వాటికి జబ్బు రాకుండా. గూడు కట్టేదాకా దిష్టి తగులుతుందని ఊళ్ళో ఎవరూ పంట ఊసెత్తరు.

"ఈ పొగ తగిలితే ఒగటీ మిగలదమ్మా. నెల దినాల కష్టం" అంది, బొబ్బలెక్కిన కాలు పట్టుకుని. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తరవాత రోజూ బడి వదలగానే వెళ్ళి ఆ గోడకు చెవి ఆనించేదాన్ని. వాన వినబడితేనే నాకు అన్నం సహించేది. నాలుగో రోజు ఆనించాను. చడీచప్పుడూ లేదు. ఒక్క చినుకు లేదు. చంపేశానని అక్కడే కూలబడి భోరున ఏడ్చాను.

ముసలమ్మ బయటికొచ్చింది. కుంటుతోంది, నవ్వుతోంది. "ఏడ్సొద్దమ్మా. తినేది ఇడిసి గూడు కట్టతా ఉండాయి."

పురుగుల కోసం గోడ పట్టుకుని ఏడ్చిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇప్పుడైతే అంతలా ఏడవగలనా అని కాస్త దిగులు కూడా.