వంకాయ మొక్కకి కాసిన టమాటాలు

మా మామగారు పురుగుమందుల కొట్టు పెట్టి ఊరందరి పంటలూ కాపాడారు. ఇంట్లో మాత్రం మా అత్తగారి ముందు ఆయన పురుగుకన్నా కనాకష్టం. ఈ మాట ఆయన ఎదురుగానే అంటాను, ఆయన కాదనరు.

కొట్టు మూసేసి ఇంటిపట్టున కూర్చున్నా ఇప్పటికీ అందరూ ఆయన్ని మందులాయన అనే పిలుస్తారు. ఏ పురుగుకి ఏ సీసానో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. కాకపోతే ఆయన పురుగుల్ని చూసిందంతా సీసాల మీది బొమ్మల్లోనే. ఇక మొక్కలతో అయితే ముఖపరిచయం కూడా అంతంతమాత్రం.

కిందటేడు అత్తగారికి కడుపులో ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాక మంచం మీద పడుకుని ఫోన్లో ఎవరెవరో చెప్పే ఆరోగ్యోపన్యాసాలన్నీ విన్నారు. ఓ మధ్యాహ్నం కంచంలో కూర పక్కకి నెట్టేశారు.

"జీవితమంతా మీరమ్మిన విషమే నా కడుపులో చేరింది. ఇక మందు కొట్టిన కాయ ముట్టను."

ఎవరు వాదనకొచ్చినా, మోతాదు మించితే డాక్టరిచ్చే మందూ విషమేనని నోరు మూయించే మనిషి మామగారు. ఆ రోజు మాత్రం తన కంచం తీసుకుని హాల్లోకి వెళ్లి టీవీ ముందు తిన్నారు. టీవీ ఆపేసే ఉంది. అప్పట్నుంచి ఆయన భోజనం అక్కడే.

ఆర్గానిక్ కొట్టునుంచి కూరగాయలు తెచ్చి చూశాం. "స్టిక్కరు అంటించడానికి జిగురుంటే చాలు," అని తీసిపారేశారు అత్తగారు. నాకు ఒళ్లు మండింది. చూస్తే ఆవిడ పాలూ బ్రెడ్డూ తప్ప ముట్టక చీపురుపుల్లలా తయారయ్యారు. ఇలాగే ఉంటే మళ్లీ ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తుందని డాక్టరు కేకలేశాడు.

"మన డాబా మీద, చుక్క మందు పడకుండా నేనే పండిస్తా. అవి తింటావా?" అని అడిగారు మామగారు.

"చెట్టున ఉండగా ఫొటో చూపిస్తే తింటా."

పాత పెయింటు డబ్బాల్లో టమాటా నారూ, వంకాయ నారూ పెట్టారు. ఊళ్లో పురుగులన్నీ పాత పగ తీర్చుకోడానికి మా డాబా మీదికే వచ్చాయి. ఆయన పట్టకారుతో ఒక్కోదాన్నీ ఏరారు, సబ్బునీళ్లు చల్లారు, బతిమాలుకున్నారు కూడా, నేను విన్నాను. చివరికి గోళీకాయలంత టమాటాలు నాలుగు దక్కాయి. అత్తగారు వాటిని కళ్లకద్దుకుని తిని, మళ్లీ ఎప్పుడని అడిగారు.

కొద్దిరోజులకి నా కుట్టుపెట్టెలో ఆకుపచ్చ దారం కనబడలేదు. బట్టలారేయడానికి డాబా ఎక్కితే, మామగారు నడుం వంచి బజారు టమాటాని తొడిమకి దారం చుట్టి కొమ్మకి కడుతున్నారు.

"ఇదేం పని మామయ్యా?"

"అరవకమ్మా. ఫొటో తియ్యాలి."

"మోసం కదా?"

"మోసమే. నా నిజాయితీ చూసుకుంటూ కూర్చుంటే దాని కడుపు నిండుతుందా?"

మర్నాటి నుంచి బజారుకి నేనే వెళ్లాను. మరీ నున్నగా ఉంటే అనుమానం వస్తుందని మచ్చలున్నవి ఏరుకున్నాను. కూరగాయలామె నన్ను ఎగాదిగా చూసి, "మంచివి వదిలేసి పుచ్చులేరుకుంటున్నావేంటి తల్లీ, ఇంట్లో అంతా బాగానే ఉన్నారా?" అంది.

అత్తగారు మాత్రం తిన్నారు. "చూశావా, ఆ రుచే వేరు. బజారువాటికి ఈ కమ్మదనం ఎక్కణ్ణుంచి వస్తుంది?" అనేవారు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. క్రమంగా ఆవిడ బుగ్గలు నిండాయి, గొంతు లేచింది. అక్కడే వచ్చింది చిక్కు. ఓ పొద్దున మామగారు కళ్లద్దాలు మర్చిపోయి డాబా ఎక్కి కట్టాల్సినవి కట్టొచ్చారు. ఆయనిలా దిగారో లేదో, ఒంట్లో బాగానే ఉంది, ఇవాళ నేనే కోసుకొస్తానంటూ అత్తగారు మెట్లెక్కేశారు. మామగారు కుర్చీకి అతుక్కుపోయారు. నేను వెనకే పరిగెత్తాను.

అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఎదురుగా వంకాయ మొక్క. దానికి మూడు టమాటాలు వేలాడుతున్నాయి, పక్కనే ఓ వంకాయ కూడా.

"ఇన్నాళ్లు మందులమ్మిన మనిషి, ఏ మొక్కేదో కూడా తెలీదు," అన్నారు. ముడి విప్పబోతే రాలేదు. "ఎన్నాళ్లనుంచి?"

"మీరు కళ్లకద్దుకున్న నాలుగూ తప్ప అన్నీ అత్తయ్యా." అబద్ధమాడే ఓపిక నాకిక లేదు.

ఆవిడ పళ్లతో దారం తెంపి, టమాటాలు కొంగులో వేసుకుని కిందికి దిగారు. మళ్లీ పాలూ బ్రెడ్డూ, మళ్లీ ఆస్పత్రీ అనుకుంటూ నేనూ వెనకే దిగాను.

భోజనాలవేళ మామగారు తలొంచుకుని కంచంతో హాల్లోకి బయల్దేరారు.

"అటెక్కడికి? ఇటొచ్చి కూర్చోండి." అత్తగారు ఆ టమాటాలు కోసి ఉప్పు చల్లి పళ్లెంలో పెట్టారు. "ముందు మీరు తినండి."

"నేనెందుకు?"

"విషమైతే ఇద్దరం కలిసే పోదాం. మిమ్మల్ని ఈ పిల్ల నెత్తిన పడేసి నేనొక్కదాన్నీ పోలేను."

ఆయన కూర్చుని, ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉప్పెక్కువైందన్నారు.

"సరిగ్గానే ఉంది," అన్నారు అత్తగారు, తనో ముక్క తింటూ.